ఎల్‌డీఏ పని చేయకపోతే తప్పు ఎక్కడ వెతకాలి?

పాఠకుల ప్రశ్నలు – రసాయనశాస్త్రం

గత సంచికలో ఈనోలేట్ల (కీటోన్, ఎస్టర్ వంటి వాటిలో కార్బొనైల్ పక్క కార్బన్ ప్రోటాన్‌ను కోల్పోతే వచ్చే ఋణ అయాన్ల) వ్యాసం వచ్చాక, వాటిని తయారుచేసే బలమైన క్షారాలైన లిథియం అమైడ్‌ల మీద చాలామంది రాశారు. అమీన్‌లో నత్రజని మీది హైడ్రోజన్‌ను తీసేసి ఆ చోట లిథియంను కూర్చోబెడితే వచ్చేవే ఇవి. డైఐసోప్రొపైల్ అమీన్ నుంచి ఎల్‌డీఏ (లిథియం డైఐసోప్రొపైల్ అమైడ్), హెక్సామిథైల్‌డైసిలజేన్ (హెచ్‌ఎండీఎస్) నుంచి లిథియం హెచ్‌ఎండీఎస్, టెట్రామిథైల్‌పైపెరిడీన్ నుంచి లిథియం టీఎంపీ వస్తాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: బ్యూటేన్ పీకేఏ (ఆమ్ల బలం కొలత; అంకె పెద్దదయ్యే కొద్దీ ఆమ్లం బలహీనం, ప్రోటాన్ పోగా మిగిలే క్షారం బలం) 50 అని, డైఐసోప్రొపైల్ అమీన్‌ది 36 అని చదివాం. అంత బలమైన బ్యూటైల్ లిథియం చేతిలో ఉండగా, దాన్ని ఖర్చుపెట్టి మరీ అంతకంటే బలహీనమైన ఎల్‌డీఏ చేసుకోవడం ఎందుకు? ఇంకో సందేహం. హెచ్‌ఎండీఎస్ పీకేఏ ఒక పుస్తకంలో 26, ఇంకో పుస్తకంలో 30 అని ఉంది. పరీక్షలో ఏది రాయాలి?
– ఎమ్మెస్సీ విద్యార్థిని, వరంగల్

జవాబు: బలం ఒక్కటే చూస్తే మీ ప్రశ్న సబబే. కానీ కీటోన్ ఎదురైతే బ్యూటైల్ లిథియంకు రెండు దారులుంటాయి: పక్క కార్బన్ మీది ప్రోటాన్‌ను లాగడం, లేదా నేరుగా కార్బొనైల్ మీద పడి టర్షియరీ ఆల్కహాల్ చేయడం. అది ఎక్కువగా రెండో దారే పడుతుంది. ఎల్‌డీఏలో నత్రజనికి రెండు పక్కలా ఐసోప్రొపైల్ గుంపులు అడ్డం ఉంటాయి. అంచున ఉన్న ప్రోటాన్ దానికి అందుతుంది, లోపలున్న కార్బొనైల్ కార్బన్ అందదు. మనకు కావలసింది కూడా ప్రోటాన్ లాగేంత బలం, మీద పడలేనంత లావు.

ఇక 26, 30 రెండూ సరైనవే. మొదటిది టీహెచ్‌ఎఫ్ (టెట్రాహైడ్రోఫ్యురాన్) అనే ద్రావణిలో లిథియం జత విడిపోకుండా ఉన్నప్పుడు కొలిచింది, రెండోది డీఎంఎస్‌ఓ (డైమిథైల్ సల్ఫాక్సైడ్) అనే ద్రావణిలో అయాన్లు విడివిడిగా ఉన్నప్పుడు కొలిచింది. పరీక్షలో అంకె పక్కన ద్రావణి పేరు రాయండి. ఒక ద్రావణిలోని అంకెను ఇంకో ద్రావణిలోని అంకెలోంచి తీసేసి సమతాస్థితి లెక్కలు వేయడం మాత్రం మానండి. అలా వేసే లెక్క ప్రకారం లిథియం హెచ్‌ఎండీఎస్ మామూలు ఎస్టర్‌ను కదిలించలేకపోవాలి. కానీ 1970లో రసాయన శాస్త్రజ్ఞుడు రాత్కే ఇథైల్ ఎసిటేట్ లిథియం ఈనోలేట్‌ను మైనస్ 78 డిగ్రీల దగ్గర దానితోనే చేశాడు.

ప్రశ్న: 2-మిథైల్‌సైక్లోహెక్సనోన్‌కు ఎల్‌డీఏ కలిపి బెంజైల్ బ్రోమైడ్‌తో ఆల్కైలేషన్ చేస్తున్నాను. 1 మి.మోల్ స్కేల్‌లో దాదాపు సగం కీటోన్ వెనక్కి వస్తోంది. వచ్చిన ఉత్పత్తిలో కూడా 2,6 ఐసోమర్‌తో (బెంజైల్ మిథైల్ లేని పక్క చేరినది) పాటు 2,2 ఐసోమర్ (మిథైల్ ఉన్న కార్బన్ మీదే చేరినది) బాగానే ఉంటోంది. ఇదే పద్ధతిలో 10 మి.మోల్ చేసినవాళ్లకు బాగా వచ్చింది. ఎక్కడ పొరపాటు?
– పరిశోధక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: మీ రెండు కష్టాలకూ మూలం ఒకటే అయి ఉండవచ్చు. ఫ్లాస్కులో ఉందనుకున్న క్షారం అంత లేదు. 10 మి.మోల్ కొలతలు ముందు చెప్పి, ఎక్కడెక్కడ జారిపోతుందో తర్వాత చూద్దాం.

మంటతో గానీ ఓవెన్‌లో గానీ ఆరబెట్టిన ఆర్‌బీ (రౌండ్ బాటమ్) ఫ్లాస్కును నైట్రోజన్ కింద చల్లార్చి, 25 మి.లీ. పొడి టీహెచ్‌ఎఫ్, కాల్షియం హైడ్రైడ్ మీద డిస్టిల్ చేసిన డైఐసోప్రొపైల్ అమీన్ 1.6 మి.లీ. (11.5 మి.మోల్) తీసుకోండి. ఐస్ బాత్‌లో 0 డిగ్రీలకు తెచ్చి, 2.5 మోలార్ ఎన్-బ్యూటైల్ లిథియం 4.4 మి.లీ. (11 మి.మోల్) చుక్కచుక్కగా వేయండి. 15 నిమిషాలు తిప్పి, డ్రై ఐస్–అసిటోన్ బాత్‌లోకి మార్చండి. లోపలి ద్రావణం పూర్తిగా చల్లబడ్డాక, 5 మి.లీ. టీహెచ్‌ఎఫ్‌లో కరిగించిన 1.12 గ్రా. కీటోన్‌ను ఫ్లాస్కు గోడ వెంట జారేలా పది పదిహేను నిమిషాలు వేయండి. 45 నిమిషాల తర్వాత బెంజైల్ బ్రోమైడ్ 1.1 ఈక్వివలెంట్లు (కీటోన్ మోల్‌లకు 1.1 రెట్లు) వేసి, నెమ్మదిగా 0 డిగ్రీలకు రానివ్వండి.

ఇందులో వరుస తప్పకూడదు. టీహెచ్‌ఎఫ్‌లో ముందు బ్యూటైల్ లిథియం పోసి, అమీన్ తర్వాత వేస్తే ఆ వ్యవధిలో అది టీహెచ్‌ఎఫ్‌నే తినడం మొదలుపెడుతుంది. 20 డిగ్రీల దగ్గర టీహెచ్‌ఎఫ్‌లో దాని అర్ధాయువు రెండు గంటల లోపే. అమీన్ కొంచెం ఎక్కువ ఉండటం కూడా కావాలనే పెట్టింది. బ్యూటైల్ లిథియం మిగిలిపోతే కీటోన్ మీద పడుతుంది. జీసీ-ఎంఎస్ (మిశ్రమాన్ని విడదీసి అణువుల ద్రవ్యరాశి కొలిచే పరికరం)లో 170 ద్రవ్యరాశి గల ఆల్కహాల్, లేదా నీరు పోయి 152 కనిపిస్తే మీ అమీన్ తక్కువైందని అర్థం.

ఇప్పుడు తేమ లెక్క. టీహెచ్‌ఎఫ్‌లో 200 పీపీఎం నీరుంటే 25 మి.లీ.లో సుమారు 4.4 మి.గ్రా., అంటే 0.25 మి.మోల్. 10 మి.మోల్ కీటోన్‌కు అది 2.5 శాతం; అదనంగా వేసిన క్షారం దాన్ని సర్దుకుంటుంది. అదే టీహెచ్‌ఎఫ్ 10 మి.లీ. వాడి 1 మి.మోల్ చేస్తే నీరు 0.1 మి.మోల్, అంటే 10 శాతం. మీరు పెట్టుకున్న 10 శాతం అదనం అక్కడే హరించుకుపోయింది. దానికి తోడు అమీన్‌లో తేమ, సిరంజి సూదిలో తేమ, బ్రోమైడ్‌లో తేమ. చిన్న స్కేల్‌లో ద్రావణిని అంతే నిష్పత్తిలో తగ్గించండి, లేదా క్షారం, కీటోన్ రెంటినీ పెద్ద స్కేల్‌లోనే చేసుకోండి. 3 ఆంగ్‌స్ట్రామ్ మాలిక్యులర్ సీవ్స్‌ను (తేమను పీల్చే గుళికలను) వాక్యూమ్‌లో 300 డిగ్రీల దగ్గర యాక్టివేట్ చేసి, టీహెచ్‌ఎఫ్‌లో 20 శాతం బరువుకు వేసి రెండు మూడు రోజులు ఉంచితే నీరు 10 పీపీఎం దరిదాపుల్లోకి దిగుతుంది. కార్ల్ ఫిషర్ (నీటి మోతాదు కొలిచే పరికరం) ఉంటే కొలిచి చూసుకోండి. సముద్రతీరంలో, అందులోనూ వానాకాలంలో, చల్లటి సెప్టమ్ (సూది గుచ్చే రబ్బరు మూత) మీద చెమ్మ పట్టి సూదితో పాటు లోపలికి దిగుతుంది. సెప్టమ్‌ను తుడిచాకే సూది గుచ్చండి.

ఐసోమర్ల సంగతి ఇంకా ఆసక్తికరం. మీ సీసా మీద 2.5 మోలార్ అని ఉన్నా లోపల 2.0 మాత్రమే ఉందనుకోండి. 4.4 మి.లీ.లో 8.8 మి.మోల్ వస్తుంది. 10 మి.మోల్ కీటోన్‌లో 1.2 మి.మోల్ ప్రోటాన్ పోని కీటోన్‌గా మిగిలిపోతుంది. ఆ మిగిలినది ఊరికే కూర్చోదు. బాత్ వేడెక్కే కొద్దీ ఈనోలేట్‌కు ప్రోటాన్ ఇస్తూ, తాను ఈనోలేట్ అవుతూ, తక్కువ ప్రతిక్షేపకాలున్న (మిథైల్ లేని పక్క ఏర్పడిన) ఈనోలేట్‌ను ఎక్కువ ప్రతిక్షేపకాలున్న (మిథైల్ ఉన్న పక్క) దానిగా మార్చేస్తుంది. సరిగ్గా చేస్తే మొదటిదే 99 శాతం దాకా వస్తుంది. కీటోన్ మిగిలితే ఆ ఎంపిక చేజారుతుంది, 2,2 ఐసోమర్ పుట్టేది అప్పుడే. ఎల్‌డీఏను కీటోన్‌లోకి పోసినా ఇదే గతి. అందుకే కీటోన్‌నే ఎల్‌డీఏలోకి వేయాలి.

కాబట్టి సీసా మీది అంకెను నమ్మకండి, టైట్రేట్ చేయండి. 212 మి.గ్రా. (1.00 మి.మోల్) డైఫినైల్ ఎసిటిక్ ఆసిడ్‌ను నైట్రోజన్ కింద 5 మి.లీ. పొడి టీహెచ్‌ఎఫ్‌లో కరిగించి, గది ఉష్ణోగ్రత దగ్గర 1 మి.లీ. సిరంజితో బ్యూటైల్ లిథియం చుక్కలు వేస్తూ పోండి. మొదట ఆసిడ్ ప్రోటాన్ పోతుంది, రంగు రాదు. అది అయిపోయాక పడే మొదటి చుక్క పక్క కార్బన్ ప్రోటాన్‌ను తీసి లేత పసుపు తెస్తుంది. తిప్పినా పోకుండా పసుపు నిలిస్తే ఆపండి. 0.43 మి.లీ. పట్టిందంటే మీ ద్రావణం 2.3 మోలార్. మూడుసార్లు చేసి సగటు తీయండి. సీసా అడుగున తెల్లటి మడ్డి ఉంటే గాఢత తగ్గిందని ఎవరైనా ఊహిస్తారు. కానీ పదేపదే గుచ్చిన సెప్టమ్ గుండా వేసవిలో హెక్సేన్ ఎగిరిపోయి గాఢత పెరగడం కూడా మామూలే. అప్పుడు తప్పు అవతలి వైపుకు పోతుంది.

టైట్రేషన్ సరిగ్గానే ఉన్నా కీటోన్ వెనక్కి వస్తే, ఈనోలేట్ ఏర్పడలేదా లేక ఏర్పడి బెంజైల్ బ్రోమైడ్‌తో కలవలేదా అన్నది తేల్చుకోవాలి. బ్రోమైడ్ బదులు మైనస్ 78 దగ్గరే ఆమ్లం లేని ట్రైమిథైల్‌సిలైల్ క్లోరైడ్ వేసి చూడండి. సిలైల్ ఈనోల్ ఈథర్ పూర్తిగా వస్తే క్షారం తన పని చేసింది, ఆల్కైలేషనే నెమ్మదిగా ఉందన్న మాట. వెచ్చబెట్టడమో, కొంచెం డీఎంపీయూ (లిథియంను పట్టుకునే సహ ద్రావణి) కలపడమో చేయండి.

ప్రశ్న: ఈనోలేట్ ఎంత ఏర్పడిందో చూద్దామని భారజలంతో (హైడ్రోజన్ బదులు డ్యుటీరియం ఉన్న నీటితో) క్వెంచ్ చేశాం, అంటే చర్యను ఆపేశాం. ఎన్‌ఎంఆర్‌లో డ్యుటీరియం సగం కూడా లేదు. అంటే ఎల్‌డీఏ సగమే పని చేసిందా?
– ఇద్దరు పరిశోధకులు, హైదరాబాద్

జవాబు: అలా తీర్మానించకండి. ఎల్‌డీఏ ప్రోటాన్ లాగాక డైఐసోప్రొపైల్ అమీన్‌గా మారి, చాలాసార్లు ఈనోలేట్ లిథియంకే అంటుకుని ఉంటుంది. భారజలం పడగానే, బయటి డ్యుటీరియం కంటే ముందు పక్కనే ఉన్న అమీన్ తన హైడ్రోజన్‌ను తిరిగి ఇచ్చేస్తుంది. తీసుకున్నవాడే తెచ్చి ఇచ్చినట్టు. ఈనోలేట్ ఏర్పడ్డాక ఇంకో ఈక్వివలెంట్ ఎన్-బ్యూటైల్ లిథియం వేసి ఆ అమీన్ హైడ్రోజన్‌ను తీసేసి, ఆపైన క్వెంచ్ చేస్తే అంకె బాగా పెరుగుతుంది. అంతకంటే శుభ్రమైన దారి: సిలైల్ ఈనోల్ ఈథర్‌ను వేరుచేసి, మిథైల్ లిథియంతో అమీన్ లేని ఈనోలేట్ చేసుకోవడం. ఎంత ఈనోలేట్ ఏర్పడిందో తెలుసుకోవడమే ఉద్దేశమైతే, పై జవాబులో చెప్పిన సిలైల్ క్లోరైడ్ పరీక్ష ఎక్కువ నమ్మదగినది.

ప్రశ్న: ఆటోర్వాస్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు) సైడ్ చెయిన్ కోసం ఇథైల్ 4-సయానో-3-హైడ్రాక్సీబ్యూటిరేట్‌ను టర్షియరీ బ్యూటైల్ ఎసిటేట్, ఎల్‌డీఏలతో చేస్తున్నాం. ఎల్‌డీఏ 2.1 ఈక్వివలెంట్లు వాడితే కన్వర్షన్ సగం దాటాక కదలడం లేదు. టైమ్ పెంచినా లాభం లేదు. కారణం ఏమిటి? కొన్న ఎల్‌డీఏ, ప్లాంట్‌లో చేసుకున్న ఎల్‌డీఏ రెండూ ఒకటేనా?
– ప్రాసెస్ కెమిస్ట్, పాశమైలారం

జవాబు: టైమ్ పెంచితే కదిలేది కాదండీ. ప్రోటాన్లు లెక్కపెట్టండి. మొదటి ఈక్వివలెంట్ హైడ్రాక్సీ ప్రోటాన్‌కే పోతుంది. ఆ తర్వాత ఎసిటేట్ ఈనోలేట్ ఒకటి ఎస్టర్ మీద పడి కీటోఎస్టర్ ఏర్పడుతుంది. దాని రెండు కార్బొనైల్‌ల మధ్య ప్రోటాన్ ఎంత ఆమ్లత గలదంటే, అక్కడున్న ఇంకో ఎసిటేట్ ఈనోలేట్‌ను వెంటనే చంపేస్తుంది. కాబట్టి ఒక్కో అణువు పూర్తి కావడానికి మొత్తం మూడు క్షారాలు కావాలి. మీ 2.1లో హైడ్రాక్సీకి 1 పోగా 1.1 మిగిలింది. అందులో సగమే పనిలోకి వస్తుంది, అంటే 55 శాతం. మీకు వస్తున్నది సరిగ్గా అదే. 3 ఈక్వివలెంట్ల మీద కొంచెం అదనం పెట్టుకోండి. టర్షియరీ బ్యూటైల్ ఎసిటేట్ ఎప్పుడూ ఎల్‌డీఏ కంటే కాస్త ఎక్కువ ఉండాలి. విడి ఎల్‌డీఏ మిగిలితే నైట్రైల్ పక్క ప్రోటాన్ల జోలికి పోతుంది. ఈనోలేట్‌ను ఎక్కువసేపు వెచ్చగా ఉంచినా నష్టమే. అది తనతో తానే కలిసి టర్షియరీ బ్యూటైల్ ఎసిటోఎసిటేట్ చేస్తుంది.

కొన్నదీ చేసుకున్నదీ ఒకటి కావు. బ్యూటైల్ లిథియంతో చేసుకుంటే ప్రతి మోల్ ఎల్‌డీఏకూ ఒక మోల్ బ్యూటేన్ పుడుతుంది. అది మరిగేది మైనస్ 0.5 డిగ్రీల దగ్గర. చల్లటి రియాక్టర్‌లో ద్రావణంలోనే కరిగి దాక్కుంటుంది. వేడెక్కినప్పుడో, క్వెంచ్ చేసినప్పుడో ఒక్కసారిగా పైకి వస్తుంది. 1 కిలోమోల్ బ్యాచ్‌కు 0 డిగ్రీల దగ్గర లెక్కేస్తే 22 ఘనపు మీటర్ల పైచిలుకు వాయువు. గాలి కంటే రెట్టింపు బరువు కాబట్టి నేల మీద, కాలువల్లో పేరుకుంటుంది. గాలిలో 2 శాతం లోపే ఉన్నా అంటుకుంటుంది. వెంట్ లైను, స్క్రబ్బర్ ఈ లెక్కకు తగ్గట్టు ఉన్నాయో లేదో చూడకుండా స్కేల్ పెంచకండి. ల్యాబ్‌లో బెలూన్ కాస్త ఉబ్బి ఊరుకునేది ప్లాంట్‌లో ఊరుకోదు.

కొన్న ఎల్‌డీఏ, అంటే టీహెచ్‌ఎఫ్, హెప్టేన్, ఇథైల్‌బెంజీన్ మిశ్రమంలో వచ్చే 2.0 మోలార్‌ది, లిథియం లోహం, అమీన్, స్టైరీన్‌లతో చేస్తారు. హైడ్రోజన్లు తీసుకుని స్టైరీన్ ఇథైల్‌బెంజీన్‌గా మారుతుంది. అందుకే ఆ ద్రావణి పేరు లేబుల్ మీద ఉంటుంది. బ్యూటేన్ బెడద తప్పుతుంది గానీ 136 డిగ్రీల దగ్గర మరిగే ఇథైల్‌బెంజీన్ క్రూడ్‌లో మిగులుతుంది. ఎన్‌ఎంఆర్‌లో 2.6 దగ్గర క్వార్టెట్, 1.2 దగ్గర ట్రిప్లెట్ చూసి కొత్త మలినం అని బెంబేలెత్తకండి.

ఇంకో తేడా కంటికి కనపడదు. బ్యూటైల్ లిథియంను బ్యూటైల్ క్లోరైడ్ నుంచి చేస్తారు కాబట్టి అందులో లిథియం క్లోరైడ్ జాడలుంటాయి. కార్నెల్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ కొల్లమ్ బృందం చూపినదేమంటే, మైనస్ 78 దగ్గర టీహెచ్‌ఎఫ్‌లో కొన్ని ఎల్‌డీఏ చర్యల వేగాన్ని పీపీఎం స్థాయి లిథియం క్లోరైడ్ కూడా మార్చేస్తుంది. ఎల్‌డీఏ మామూలుగా రెండేసి అణువుల జట్టుగా ఉంటుంది. ఆ జట్టు విడిపోవడాన్ని ఈ ఉప్పు వేగం చేస్తుంది. ఒక సప్లయర్ డ్రమ్ముతో గంటలో అయినది ఇంకో డ్రమ్ముతో నాలుగు గంటలు పడితే, ఆపరేటర్‌ను అనే ముందు క్లోరైడ్ పరీక్ష చేయించండి.

ప్రశ్న: డైఇథైల్ కీటోన్‌తో ఆల్డాల్ (ఈనోలేట్‌ను ఆల్డిహైడ్‌తో కలిపే చర్య) చేస్తే ఎల్‌డీఏతో ఒక డయాస్టీరియోమర్ (గుంపుల అమరికలో తేడా ఉన్న ఐసోమర్), లిథియం హెచ్‌ఎండీఎస్‌తో ఇంకోటి ఎక్కువ వస్తోంది. పాత పేపర్లలో హెచ్‌ఎంపీఏ (లిథియంను బలంగా పట్టుకునే సహ ద్రావణి) వేయమంటున్నారు. వేయాలా?
– అధ్యాపకుడు, తిరుపతి

జవాబు: తేడా ఈనోలేట్ ఆకారంలో ఉంది. టీహెచ్‌ఎఫ్‌లో ఎల్‌డీఏ లిథియం కీటోన్ ఆక్సిజన్‌ను పట్టుకుని, అదే సమయంలో నత్రజని ప్రోటాన్‌ను లాగుతుంది. ఈ ఆరు పరమాణువుల వలయంలో కీటోన్ మిథైల్ గుంపు ఐసోప్రొపైల్‌ను తప్పించుకునేలా ఒదగడంతో ఈ(E)-ఈనోలేట్ (ద్విబంధం మీద మిథైల్, ఆక్సిజన్ ఎదురు పక్కల ఉన్నది) ఎక్కువ వస్తుంది, సుమారు నాలుగింట మూడు వంతులు. లిథియం టీఎంపీతో ఇంకా ఎక్కువ. లిథియం హెచ్‌ఎండీఎస్‌లో ఆ ఒత్తిడి మారిపోయి జెడ్(Z)-ఈనోలేట్ (అవి రెండూ ఒకే పక్క ఉన్నది) మూడింట రెండు వంతుల దాకా వెళుతుంది. ఆల్డాల్‌లో జెడ్(Z) నుంచి సిన్ డయాస్టీరియోమర్, ఈ(E) నుంచి యాంటీ డయాస్టీరియోమర్ రావడం సాధారణ ధోరణి. హెచ్‌ఎంపీఏ లిథియంను తనవైపు లాగేసుకుని ఆ వలయాన్ని సడలిస్తుంది, నిష్పత్తి జెడ్ వైపు తిరుగుతుంది. పని చేసే మాట నిజమే, కానీ అది క్యాన్సర్ కారకం కావచ్చని వర్గీకరించిన పదార్థం. విద్యార్థులున్న ల్యాబ్‌లో దానికి చోటు లేదు. డీఎంపీయూ వాడండి. దానికీ చేతి తొడుగులు, హుడ్ తప్పనిసరి. హెచ్‌ఎంపీఏ 20 శాతం సరిపోయిన చోట ఇది 40 శాతం పైనే కావాల్సి రావచ్చు.

ప్రశ్న: స్టోర్‌లో లిథియం అమైడ్ పొడి ఉంది. ఎల్‌డీఏ బదులు వాడవచ్చా?
– ల్యాబ్ టెక్నీషియన్, కాకినాడ

జవాబు: వాడకూడదు. అది అమ్మోనియా నుంచి వచ్చే లిథియం అమైడ్. టీహెచ్‌ఎఫ్‌లో కరగదు, మైనస్ 78 దగ్గర ఏ పనీ చేయదు. డబ్బా పాతదై, తెరిస్తే అమ్మోనియా ఘాటు కొడుతుంటే అసలు ముట్టుకోకుండా రసాయన వ్యర్థాల వాళ్లకు అప్పగించండి.

ప్రశ్న: పక్క హైడ్రోజన్ లేని కీటోన్ మీద ఎల్‌డీఏ వేస్తే ఆల్కహాల్ వచ్చింది. రిడక్షన్ ఎలా జరిగింది?
– పరిశోధకురాలు, వరంగల్

జవాబు: ఎల్‌డీఏలోని ఐసోప్రొపైల్ హైడ్రోజనే హైడ్రైడ్‌గా దూకింది. ఎల్‌డీఏ ఇమీన్‌గా మారిపోతుంది. బెంజోఫినోన్‌తో ఇది ప్రసిద్ధం. లిథియం టీఎంపీకి నత్రజని పక్క కార్బన్‌ల మీద హైడ్రోజన్లు లేవు, లిథియం హెచ్‌ఎండీఎస్‌కు నత్రజని పక్కన ఉన్నది సిలికాన్. ఈ రెంటిలో ఒకటి వాడండి.

ప్రశ్న: సీసాలో మిగిలిన పాత బ్యూటైల్ లిథియంను పారేయడం ఎలా? సిరంజితో తీసేటప్పుడు ఏం జాగ్రత్తపడాలి?
– ల్యాబ్ ఇన్‌చార్జి, గుంటూరు

జవాబు: సిరంజి నుంచి మొదలుపెడదాం. కావలసిన పరిమాణం సిరంజి సామర్థ్యంలో 60 శాతం మించకూడదు. ప్లంజర్‌ను లాగకండి, సీసాలోకి నైట్రోజన్ ఒత్తిడి ఇచ్చి అదే పైకి నెట్టేలా చేయండి. 20 మి.లీ. దాటితే సిరంజి మానేసి క్యాన్యులా (రెండు కొనలా సూదిలా ఉండే సన్నని గొట్టం) వాడండి. 2008 డిసెంబరులో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఒక పరిశోధన సహాయకురాలు టర్షియరీ బ్యూటైల్ లిథియం తీస్తుండగా ప్లాస్టిక్ సిరంజి ప్లంజర్ ఊడి వచ్చి ద్రావణం అంటుకుంది. ఒంటి మీద ల్యాబ్ కోటు లేదు. కాలిన గాయాలతో మూడు వారాల లోపే ఆమె చనిపోయారు. నూలు కోటు, మంటను తట్టుకునే తొడుగులు, పక్కన పొడి ఇసుక లేకుండా సీసా తెరవకండి. మంట మీద నీళ్లు గానీ కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ గానీ పనికిరావు.

పారేయడానికి: నైట్రోజన్ కింద మూడు మెడల ఫ్లాస్కులో మిగిలిన ద్రావణానికి పది రెట్లు హెప్టేన్ తీసుకుని ఐస్ బాత్‌లో పెట్టండి. బ్యూటైల్ లిథియంను అందులోకి మార్చి, ఐసోప్రొపనాల్‌ను హెప్టేన్‌లో పలుచన చేసి చుక్కలుగా వేయండి. బ్యూటేన్ బుడగలు తగ్గేదాకా ఆగి మళ్లీ వేయండి. బుడగలు పూర్తిగా ఆగాక మెథనాల్, ఆ తర్వాతే నీళ్లు. ఖాళీ అయిందనుకున్న సీసా అడుగున తెల్లటి మడ్డిలో ఇంకా సరుకు దాగి ఉంటుంది. అందులోనూ హెప్టేన్ పోసి ఇదే వరుసలో ఐసోప్రొపనాల్, మెథనాల్, నీళ్లు వేయండి. ఆ తర్వాతే మూత తీసి హుడ్‌లో ఒక రాత్రి ఉంచండి.